ఆగితే చాలు

మన దగ్గర కొత్త బండి కొన్నవాణ్ణి ఎవరైనా అడిగే మొదటి ప్రశ్న "ఎంతిస్తుంది?" అని. లీటరుకి అరవై అంటే వాడు బుద్ధిమంతుడు, నలభై అంటే జల్సారాయుడు. రెండో ప్రశ్న "పికప్ ఎలా ఉంది?" మూడోది "ఆన్‌రోడ్ ఎంతయింది?" "ఎలా ఆగుతుంది?" అని అడిగిన మనిషిని నేనింతవరకూ చూళ్ళేదు. ఆగడమన్నది బండికి పుట్టుకతో వచ్చే గుణమనీ, అందుకోసం మనమేమీ చెయ్యనక్కర్లేదనీ అందరికీ గట్టి నమ్మకం. ఒకవేళ ఆగకపోతే హారనుంది. విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర కాసేపు నిలబడి చూడండి. ప్రతివాడూ హారన్ కొట్టేది ఎదుటివాడు ఆగాలని. ఎదుటివాడు కొట్టేదీ అందుకే. ఈ లెక్కన ఎవరి బండికీ బ్రేకుల అవసరం లేదు.

మా నాన్నగారి స్కూటరుకి డ్రమ్ము బ్రేకులుండేవి. బ్రేకు వదులైతే వెనక చక్రం దగ్గర ఓ నట్టు ఉండేది, దాన్ని రెండు చుట్లు బిగించి ఆఫీసుకి వెళ్ళిపోయేవారు. మళ్ళీ వదులైతే మళ్ళీ రెండు చుట్లు. కుళాయి కారితే దారం చుట్టడం, బీరువా ఊగితే కాలి కింద అట్టముక్క పెట్టడం, టీవీలో బొమ్మ పోతే నెత్తి మీద ఒకటి చరచడం, ఇలా ఇంటిల్లిపాదీ సర్దుబాటు మీదే బతికేశాం. ఏ వస్తువూ ఎప్పుడూ బాగుపడేది కాదు. ఏదీ పూర్తిగా పాడయ్యేదీ కాదు.

డిస్కు బ్రేకుకి ఆ నట్టు లేదు. నాలాంటి సంప్రదాయ కుటుంబీకుడికి అది మొదటి దెబ్బ.

అలాగని డిస్కు బ్రేకు నిన్నమొన్న పుట్టిందేమీ కాదు. 1902లోనే ఇంగ్లండులో ఫ్రెడరిక్ లాంచెస్టర్ అనే ఇంజనీరు దానికి పేటెంటు తీసుకున్నాడు. ఆయన బ్రేకులో రాగి వెళ్ళి లోహపు బిళ్ళని పట్టుకునేది. లోహానికి లోహం రాసుకుని పుట్టే కీచుమోత భరించలేక జనం చెవులు మూసుకున్నారట. పాపం, ఆయన విజయవాడలో పుట్టుంటే ఆ ఇబ్బందే ఉండేది కాదు. ఆ మోత ఎవరికీ వినపడేది కాదు. 1969లో హోండా సీబీ 750 వచ్చాక డిస్కు బ్రేకు మామూలువాడు షోరూములో కొనుక్కునే మోటారుసైకిలు మీదికి ఎక్కింది. మన కుర్రకారు కంట్లో అది బాగా పడింది మాత్రం 1999లో హీరో హోండా సీబీజెడ్, 2001లో బజాజ్ పల్సర్ వచ్చాకే. ముందు చక్రానికి మెరిసే బిళ్ళ ఉంటే పెళ్ళిచూపులకి వెళ్ళొచ్చు. అది ఆపుతుందన్న సంగతి ఆ వయసులో ఎవరికీ పట్టలేదు.

నా బండి పేరు చెప్పను. తప్పు దానిది కాదు కాబట్టి. ఏళ్ళ తరబడి వానలో తడిపి, బురదలో తిప్పి, సర్వీసింగ్ అంటే ఇంజనాయిలు మార్చి నీళ్ళతో కడగడమే అనుకుంటే ఏ కంపెనీ బండైనా అలుగుతుంది. నాది ముందు చక్రంతో అలిగింది. పార్కింగులో బండి వెనక్కి లాగబోతే కదలదు. మెయిన్ స్టాండు వేసి, మా బావమరిదిని వెనక సీటు చివర కూర్చోబెట్టాను. ముందు చక్రం గాల్లోకి లేచింది. అతనొచ్చిన దగ్గర్నుంచీ ఇంటికి అంతగా ఉపయోగపడింది అప్పుడే. చక్రం తిప్పితే అర చుట్టు తిరిగి నిలబడిపోయింది. ఆగమన్నప్పుడు ఆగడం బ్రేకు లక్షణం. ఎవరూ ఏమీ అనకపోయినా ఆగిపోవడం ఫైలు లక్షణం.

మా వీధి చివరి మెకానిక్ కుర్రాడు వంగి చూడనైనా చూడకుండా తేల్చేశాడు.

"కాలిపర్ పట్టేసింది గురువుగారూ. అసెంబ్లీ మార్చేద్దాం."

"విప్పి శుభ్రం చెయ్యకూడదా తమ్ముడూ?"

"చెయ్యొచ్చు. ఎవరు చేస్తారు?"

అతని మాటలో న్యాయం ఉంది. డిస్కుని పట్టి ఆపే ఆ కాలిపర్‌ని మొత్తం అసెంబ్లీగా మార్చడానికి కాసేపు చాలు, విప్పి శుభ్రం చెయ్యడానికి ఓ పూట పడుతుంది. కాసేపటి పనికైతే కిక్కురుమనకుండా డబ్బులిస్తాం. పూటంతా కూర్చుని చేసిన పనికి "మురికి తుడవడానికి ఇంతా?" అని బేరమాడతాం. ఈ దేశంలో శుభ్రం చేసేవాడికి ఎప్పుడూ గిట్టుబాటు కాదు. అందుకని ఆ పూట నాదే పెట్టుకుందామనుకున్నాను.

ఇంట్లో ఈ సంగతి ప్రకటించగానే మా ఆవిడ కూర తరుగుతున్న కత్తి ఆపింది.

"ఏవండీ, ఫ్యాను తిరక్కపోతే చెమట పడుతుంది. కుళాయి తిరక్కపోతే బిందెతో తెచ్చుకుంటాం. ఇది ఆగకపోతే?"

"అందుకే నేనే దగ్గరుండి చూసుకుందామని."

"దగ్గరుండి చూడ్డం వేరు, చెయ్యడం వేరు" అని మళ్ళీ బెండకాయల మీదికి వెళ్ళింది. వద్దనలేదు కదా అనుకున్నాను. పెళ్ళయి ఇన్నేళ్ళయ్యాక అనుమతి అంటే ఇలాగే ఉంటుంది.

ఆటోనగర్‌లో దొరకని సామాను లేదు. ఒక పక్క లారీలకి బాడీలు కడుతుంటారు, ఇంకో పక్క ఆ లారీల పాత ఎముకలు గుట్టలు పోసి అమ్ముతుంటారు. అంతటి మహాసముద్రంలోకి వెళ్ళి నేనడిగింది సీలు కిట్టు. కొట్టాయన పై అరలోంచి తీసి గల్లాపెట్టె మీద పెట్టాడు. చిన్న ప్లాస్టిక్ పొట్లం, అందులో నాలుగు రబ్బరు రింగులు. రెండు లావువి, రెండు సన్నవి. అంతే. దీనికోసమా నేను ఎండలో ఏలూరు రోడ్డు మీద పడి వచ్చింది అన్నట్టు చూశాను. ఆయనకి ఆ చూపు అలవాటే.

"చూడ్డానికి అలాగే ఉంటాయి గురువుగారూ. మీరు ఆగేది వీటి మీదే. ఆయిలుందా?"

"ఇంట్లో సగం సీసా ఉండాలి, ఎప్పుడో తెచ్చింది."

"అది పారెయ్యండి" అని కొత్త డాట్ ఫోర్ సీసా, రెండు రాగి వాషర్లు కూడా పొట్లంలో వేశాడు. సరుకు అమ్ముకోవడానికి అంటున్నాడని మా బావమరిది నా చెవిలో ఊదాడు. కాదు. బ్రేకు ఆయిలు అని మనమంటాం గానీ అందులో నూనె లేదు. అది గ్లైకాల్ జాతి ద్రవం, గాల్లో తేమని పీల్చుకోవడం దాని పుట్టు లక్షణం. సీల్ విప్పని డాట్ ఫోర్ 230 డిగ్రీల దాకా మరక్కూడదని నియమం. అందులోకి నూటికి నాలుగు పాళ్ళ లోపు నీళ్ళు చేరితే చాలు, ఆ హద్దు 155కి దిగిపోతుంది. కృష్ణ ఒడ్డున కూర్చుని తేమకి కొదవేముంది? కొండ దిగుతూ బ్రేకు పట్టుకునే ఉంటే లోపల ఆయిలు మరిగి ఆవిరవుతుంది. ద్రవం నలగదు, ఆవిరి నలుగుతుంది. మీరు లివరు నొక్కుతారు, ఆవిరి మెత్తగా నలుగుతుంది, బండి మాత్రం తన దారిన తాను పోతుంది. అందుకే రెండేళ్ళకోసారి ఆయిలు మార్చమని బండితో ఇచ్చే పుస్తకంలో రాస్తారు. ఆ పుస్తకం మా ఇంట్లో ఆర్సీ కాయితాలతో పాటు భద్రంగా ఉంది. దాన్ని ఎవరూ నలపలేదు.

ఆదివారం పొద్దున్నే టిఫిన్ కాగానే సరంజామా దింపాను. ఎనిమిది నంబరు రింగు పానా, పన్నెండు నంబరుది, వంటింటి నుంచి ఓ పాత స్టీలు పళ్ళెం, అరిగిపోయిన టూత్ బ్రష్షు, ఉతికిన పాత బనియన్ ముక్కలు, చీపుర్లోంచి లాగిన నాలుగు కొబ్బరి ఈనెలు. గారెలు తిన్న చెయ్యి సబ్బుతో కడుక్కుని మరీ దిగాను. బ్రేకు ప్యాడ్లకి నూనె అంటితే అవి మళ్ళీ మనుషుల్లో కలవవు. గరుకు కాయితంతో ఎంత రుద్దినా లోపలికి ఇంకిన జిడ్డు వేడెక్కగానే పైకి వస్తుంది.

మా అపార్టుమెంటులో ఒక మనిషి పార్కింగులో నేల మీద కూర్చున్నాడంటే అది బహిరంగ సభ కింద లెక్క. ముందు వాచ్‌మన్ వచ్చాడు. తర్వాత మూడు వందల ఒకటో నంబరు ఫ్లాటాయన సంచీతో బజారుకి బయల్దేరి అక్కడే ఆగిపోయాడు. వెనకే రెండో అంతస్తు మాష్టారు తన ప్లాస్టిక్ కుర్చీ తనే తెచ్చుకుని వేసుకున్నారు. ఆయన జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెప్పి రిటైరయ్యారు. పాఠం మాత్రం ఇంకా రిటైరవలేదు.

వచ్చినవాళ్ళు వచ్చినట్టు ఒకే మాట: "కిరసనాయిల్లో నానబెట్టండి." మనిషికి ఏ జబ్బొచ్చినా వేడినీళ్ళు తాగమనేవాళ్ళూ, యంత్రానికి ఏ రోగమొచ్చినా కిరసనాయిలు పొయ్యమనేవాళ్ళూ మనలో కోకొల్లలు. రేషన్లో కిరసనాయిలు దొరకడం మానేసి ఏళ్ళయినా దాని మీద భక్తి తగ్గలేదు. కానీ ఈ సీళ్ళ రబ్బరుకి పెట్రోలు, డీజిలు, కిరసనాయిలు, ఇంజనాయిలు, గ్రీజు, ఏ పెట్రోలియం సరుకూ పడదు. తగిలితే ఉబ్బిపోతుంది. ఉబ్బిన సీలు పిస్టన్ని మళ్ళీ పట్టేస్తుంది. అంటే బ్రేకు పట్టేసిందని విప్పి, పట్టేసేలా మళ్ళీ బిగించినట్టు. రబ్బరు తగిలే చోట సబ్బునీళ్ళు, ఐసోప్రొపైల్ ఆల్కహాల్, లేదా ఆ బ్రేకు ఆయిలే వాడాలి. నీళ్ళతో కడిగితే చుక్క మిగలకుండా ఆరబెట్టాలి. ఇంత చెప్పాక మూడు వందల ఒకటాయన "పోనీ పెట్రోలు?" అన్నాడు.

ప్యాడ్లు తీసి పక్కన పెట్టాను. పైపు మాత్రం ఇంకా విప్పలేదు. పిస్టన్లని బయటికి లాగడానికి లివరు కంటే మంచి పనిముట్టు లేదు. కొందరు పంక్చరు షాపులో గాలి కొట్టించి పిస్టన్ని బయటికి తోలుతారు. ఆ గాలికి అది తుపాకీ గుండై వస్తుంది, మధ్యలో వేలుంటే వేలు ఉండదు. లివరు అయితే మెల్లిగా, మర్యాదగా తోస్తుంది.

నా కాలిపర్‌లో రెండు పిస్టన్లు, ఒకే ఇంట్లో అన్నదమ్ముల్లా పక్కపక్కనే. మా బావమరిది లివరు నొక్కుతుంటే ఎడమది హుషారుగా బయటికి వస్తోంది. కుడిది ఉన్నచోటు నుంచి వెంట్రుకవాసి కదల్లేదు. ఇంట్లో ఒకడు పరుగులు పెడుతుంటే రెండోవాడు లేవాల్సిన అవసరం ఏముంది?

మాష్టారు కుర్చీలోంచి ముందుకి వంగారు. "పాస్కల్ సూత్రం చెప్పవోయ్" అన్నారు మా బావమరిదితో.

అతను ఎంపీసీ చదివినవాడే. ఇదే విజయవాడలో హాస్టల్లో పడుండి, తెల్లవారుజామున లేచి, కళ్ళు నులుముకుంటూ బిట్లు బట్టీ పట్టినవాడే.

"ఆప్షన్లు చెప్పండి సార్" అన్నాడు.

మాష్టారు ఇటుక ముక్క తీసుకుని నేల మీద రెండు గుండ్రాలు గీశారు. లెక్క తేలిగ్గా ఉండాలని లివరు దగ్గర పిస్టన్‌కి 12 మిల్లీమీటర్ల వ్యాసం, చక్రం దగ్గర పిస్టన్‌కి 24 అనుకోమన్నారు. వ్యాసం రెట్టింపయితే వైశాల్యం నాలుగింతలు. అలాంటివి రెండున్నాయి కాబట్టి ఎనిమిదింతలు. మూసిన ద్రవంలో ఒక చోట ఒత్తిడి పెంచితే అది అన్ని వైపులకీ సమానంగా పాకుతుంది కాబట్టి, అక్కడ కిలో బలం పెడితే ఇక్కడ ఎనిమిది కిలోల బలం.

"మరి ఆ మిగతా ఏడూ ఎవరిస్తున్నారు సార్?" అన్నాడు వాచ్‌మన్. ఆ సభలో అడగాల్సిన ప్రశ్న అడిగింది అతనొక్కడే.

"ఊరికే ఎవరూ ఇవ్వరోయ్. బలం ఎనిమిదింతలైతే కదలిక ఎనిమిదో వంతు. అక్కడ బారెడు తోస్తే ఇక్కడ జానెడు."

అక్కణ్ణుంచి ఆయన పాస్కల్ చరిత్రలోకి వెళ్ళిపోయారు. ఫ్రాన్సులో పుట్టిన బ్లేజ్ పాస్కల్ 39 ఏళ్ళకే 1662లో పోయాడట. ద్రవాల మీద ఆయన రాసిన పుస్తకం ఆ మరుసటి ఏడు గానీ అచ్చు కాలేదు. పోయే ముందు, అదే 1662లో, పారిస్ వీధుల్లో గుర్రపు బళ్ళ సర్వీసు ఒకటి మొదలుపెట్టించాడు. నిర్ణీత దారి, నిర్ణీత వేళలు, మనిషికి ఐదు సూలు టిక్కెట్టు. బండి నిండినా నిండకపోయినా వేళకి కదలాల్సిందే. అంటే ఊళ్ళో బస్సు తిప్పడమూ, దాన్ని ఆపే సూత్రమూ రెండూ ఒకే బుర్రలోంచి వచ్చాయన్నమాట. "వేళకి కదలడమొక్కటే మనదాకా రాలేదు" అన్నారు మాష్టారు.

"ఒత్తిడి సమానమైతే కుడిది ఎందుకు రావట్లేదు మాష్టారూ?" అన్నాను.

"పాస్కల్ సమానంగా పంచుతాడు. తీసుకోవడం ఎవరి ఓపిక వాళ్ళది."

అక్కణ్ణుంచి దారి తెలిసింది. ఎడమ పిస్టన్‌కి అడ్డంగా ఓ చెక్కముక్క బిగించి దాన్ని కదలకుండా కూర్చోబెట్టాను. ఇప్పుడు ఒత్తిడికి వేరే దారి లేదు. లివరు నొక్కగా నొక్కగా కుడిది మూలుగుతూ బయల్దేరింది. పనిచేసేవాణ్ణి కూర్చోబెడితే గానీ చెయ్యనివాడు లేవడని మా ఆఫీసులో ఎవరికైనా ముందే తెలిసుంటే బాగుండేది. రెండూ సమానంగా వచ్చాక చెక్క తీసేసి, "ఇంక చాల్రా" అన్నాను.

మా అత్తవారిది "చాలు" అంటే "ఇంకొక్కటి" అని అర్థం చేసుకునే వంశం. విస్తరి ముందు కూర్చున్నప్పుడు అది గొప్ప గుణమే. మా బావమరిది ఇంకొక్కటి వడ్డించాడు. పిస్టన్ 'ఠప్' మని ఊడి, దొర్లుకుంటూ ఎవరిదో కారు కిందికి పోయింది. వెనకే కాలిపర్‌లోని ఆయిలంతా నేల మీద, సరిగ్గా మా స్లాటుకి పసుపు రంగుతో రాసిన 304 మీద పడింది.

బ్రేకు ఆయిలుకి ఇంకో గుణం ఉంది. అది రంగుని తినేస్తుంది. ట్యాంకు మీద పడినా, తలుపు మీద పడినా అంతే. వెంటనే నీళ్ళు కుమ్మరిస్తే కొట్టుకుపోతుంది, నీళ్ళతో బాగానే కలుస్తుంది. కానీ ఆ సమయంలో సభ మొత్తం కారు కింద పిస్టన్ వెతుకుతోంది. అది దొరికి, దుమ్ము దులిపి, దాని క్షేమసమాచారాలు చూసుకుని వచ్చి గుడ్డతో నేల తుడిస్తే, ఆయిలుతో పాటు 4 అంకెకున్న ఎడమ భాగం కూడా గుడ్డలోకి వచ్చేసింది. నిటారు గీత మాత్రం మిగిలింది.

మూడు వందల ఒకటాయన సంచీ కింద పెట్టాడు. ఆ స్లాటు స్తంభం పక్కన, వాన జల్లు పడని చోట ఉంటుంది. ఆయనది గేటు దగ్గర, ఎండలో.

"ఇది మా నంబరులా ఉందే" అన్నాడు నెమ్మదిగా.

ఆ గొడవ అసోసియేషన్ మీటింగుకి వదిలేసి నేను నా పళ్ళెం ముందు కూర్చున్నాను.

పిస్టన్ల మీద ముందు చూడాల్సింది మెరుపు. పైన పూసిన క్రోమియం నున్నగా ఉంటే మరక తుడుచుకుంటే పోతుంది. గోరుకి తగిలే గుంటలు పడితే మాత్రం ఎంత మొహమాటమున్నా కొత్తది కొనాలి. ఆ గుంట సీలుని కోస్తుంది, ఆయిలు కారుతుంది. నావి మరకలతోనే బయటపడ్డాయి. తర్వాత పాత సీళ్ళు ఈనెతో లేపాను. స్క్రూడ్రైవరు పెట్టకూడదు. కాలిపర్ మెత్తటి అల్యూమినియం, ఇనుము తగిలితే గీత పడుతుంది, గీత పడితే కారుతుంది.

సీలు లేచాక దాని గాడి కనబడింది. అసలు దొంగ అక్కడున్నాడు. అల్యూమినియం తుప్పు ఎర్రగా ఉండదు. తెల్లగా, పొడిపొడిగా మొదలై, గాడి అడుగున గట్టి పొర కడుతుంది. ఆ పొర మందం పెరిగేకొద్దీ సీలుని వెనక నుంచి పిస్టన్ మీదికి నెడుతుంది. పిస్టన్ పట్టేసిందని లోకమంతా పిస్టన్ని తిడుతుంది. దాన్ని పట్టుకున్నది సీలు, సీలుని నెట్టింది గాడిలో మురికి. మెకానిక్ మార్చేద్దామన్న అసెంబ్లీ మొత్తంలో దోషి ఈ చిటికెడు తెల్లపొడి.

అది గీకడానికి నాకు మధ్యాహ్నం దాకా పట్టింది. ఈనె మొన అరిగితే విరిచి ఇంకో మొన చేసుకోవడం, బ్రష్షుతో తోమడం, ఆల్కహాల్ ముంచిన గుడ్డతో తుడవడం, వెలుతురుకి తిప్పి చూడడం, చిటికెనవేలి గోరు గాడి చుట్టూ నడిపించడం. కళ్ళు అబద్ధం చెబుతాయి గానీ గోరు చెప్పదు. నున్నగా జారుతూ వెళ్ళిన గోరు ఒక చోట తట్టుకుంటుంది. మళ్ళీ ఈనె. సభ పలచబడింది. మురికి గీకడం చూడ్డానికి ఎంతటివాడికైనా ఓపిక ఉండదు. వాచ్‌మన్ గేటు దగ్గరికి పోయాడు, మాష్టారు కునుకు తీశారు, మా బావమరిది సీటు మీదే ఫోను చూసుకుంటున్నాడు. భోజనానికి పిలవడానికి వచ్చిన మా ఆవిడ కాసేపు నిలబడి చూసి, "ఇటివ్వండి" అని తీసుకుని తన గోరు నడిపింది. "ఇక్కడ ఉంది" అంది. ఉంది.

ఈ సీలు ఎందుకింత ముఖ్యమో చెప్పకపోతే మీరూ నన్ను మూడు వందల ఒకటాయన చూసినట్టే చూస్తారు. లివరు నొక్కితే ఆయిలు పిస్టన్ని తోసి, ప్యాడ్లు డిస్కుని పట్టుకుంటాయి. సరే. లివరు వదిలాక పిస్టన్ వెనక్కి ఎలా వస్తుంది? డ్రమ్ము బ్రేకులోనైతే స్ప్రింగు ఉంటుంది. ఇక్కడ స్ప్రింగు లేదు. ఆ పని లావు సీలుది. అడ్డంగా కోసి చూస్తే అది గుండ్రంగా ఉండదు, చతురస్రంగా ఉంటుంది. గాడిలో కూర్చుని పిస్టన్ని గట్టిగా వాటేసుకుంటుంది. పిస్టన్ ముందుకి కదిలితే దాన్ని వదలకుండా తనూ కాస్త ముందుకి ఒరుగుతుంది. ఒత్తిడి పోగానే తన చోటికి తను వస్తూ పిస్టన్ని కూడా వెంట తెస్తుంది. అర మిల్లీమీటరు కూడా ఉండదు ఆ వెనకడుగు. చక్రం స్వేచ్ఛగా తిరగడానికి అంత చాలు. సన్నటి రెండో రింగు బయట నుంచి దుమ్ము రాకుండా కాపలా కాస్తుంది.

ఇక్కడే నాకు మా నాన్నగారి నట్టు గుర్తొచ్చింది. ప్యాడ్లు అరిగేకొద్దీ పిస్టన్ ఇంకాస్త ముందుకి రావాలి కదా? సీలు ఒరగగలిగినంత ఒరిగి, ఇక చాలదనుకున్నప్పుడు పిస్టన్ దాని మీంచి కొంచెం జారి, కొత్త చోట నిలబడుతుంది. అక్కణ్ణుంచి మళ్ళీ అదే వెనకడుగు. అంటే డిస్కు బ్రేకులో సర్దుబాటు లేకపోవడమేమిటి, రోజంతా అదే సర్దుకుంటోంది. మనల్ని నట్టు తిప్పమనదు, దారం చుట్టమనదు, అట్టముక్క అడగదు. గాడి శుభ్రంగా ఉంచమంటుంది, అంతే. ఇల్లన్నాక సర్దుకుపోయేవాళ్ళు ఒకరుంటారు. వాళ్ళ వెనక మురికి పేరుకుంటున్నా వాళ్ళు అరవరు గనక మనం చూడం. ఒకరోజు కదలనంటే అప్పుడు మార్చేద్దామంటాం. ఈ మాట పైకే అన్నట్టున్నాను. మా ఆవిడ నా వైపు ఓ చూపు చూసి, "భోంచేసి చేసుకోండి" అంది.

భోజనమయ్యాక బిగింపు. కొత్త సీళ్ళకి తాజా బ్రేకు ఆయిలు రాసి, మెలిక పడకుండా గాడిలో కూర్చోబెట్టాలి. పిస్టన్ని నిలువుగా పెట్టి బొటనవేళ్ళతో నొక్కాలి. పొద్దున్న అంత మొరాయించిన పిస్టన్ వేలి ఒత్తిడికి నున్నగా లోపలికి దిగుతుంటే, ఆ ఆనందం చెబితే అర్థం కాదు. దిగకపోతే సుత్తి జోలికి పోకూడదు, తీసి మళ్ళీ నిలువుగా పెట్టాలి. కాలిపర్ అటూఇటూ జరిగే రెండు పిన్నులు తుడిచి, వాటికి సిలికాన్ గ్రీజు పట్టించాను. అవి ఎండిపోతే కాలిపర్ జరగక ఒక ప్యాడే అరుగుతుంది. పైపు బోల్టుకి రెండు వైపులా కొత్త రాగి వాషర్లు వేశాను. పాతవి ఒకసారి నలిగి ఆ చోటుకి తగ్గట్టు అణిగిపోయాయి, మళ్ళీ పెడితే కారొచ్చు.

ఇక మిగిలింది గాలి తీయడం. ఇది ఇద్దరి పని. లివరు దగ్గర ఒకరు, కాలిపర్ మీద గాలి వదిలే నిపుల్ దగ్గర ఒకరు. నా బండి, చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ రాకముందుది. 125 సీసీ దాటిన కొత్త బళ్ళన్నిటికీ 2019 ఏప్రిల్ 1 నుంచి అది తప్పనిసరి చేశారు. నా బండికి అది లేకపోవడం వల్ల ఈ ఒక్క పని మాత్రం తేలిక. మా బావమరిదికి "చాలు" సమస్య ఉంది కాబట్టి మా ఆవిడని పిలిచాను. లివరు నా చేతిలో, పానా ఆవిడ చేతిలో. నిపుల్‌కి తొడిగిన పారదర్శకపు గొట్టం ఆయిలున్న సీసాలో మునిగి ఉంది.

"నొక్కండి."

"నొక్కాను."

"పట్టుకునే ఉండండి. నేను మూసేదాకా వదిలారంటే గాలి మళ్ళీ లోపలికి పోతుంది."

"నీకెవరు చెప్పారు?"

"పొద్దున్నుంచీ బాల్కనీలోంచి మీ పాఠాలే కదా వింటున్నా. పైన డబ్బాలో ఆయిలు తగ్గుతోంది, చూసుకోండి."

గొట్టంలో బుడగలు బారులు తీరి వచ్చాయి. తర్వాత ఒకటీ అరా. తర్వాత ఏమీ లేవు, తేరిన ఆయిలు. మెత్తగా హ్యాండిల్ దాకా వచ్చేస్తున్న లివరు కొద్దికొద్దిగా గట్టిపడి, సగం దారిలోనే ఇక రానని నిలబడింది. ఆవిడ నిపుల్ బిగించి, చేతులు తుడుచుకుని, "ఇంతేనా? దీనికా పొద్దున్నుంచీ ఊరేగింపు?" అని పైకి వెళ్ళిపోయింది.

ఎవరైనా ఇంట్లో చేద్దామనుకుంటే ఒక్క హెచ్చరిక. ప్యాడ్లు తీసి పెట్టాక మొదటిసారి లివరు నొక్కితే ఏమీ ఉండదు, ఖాళీగా వచ్చేస్తుంది. పిస్టన్లు వెనక్కి పోయి ఉంటాయి, ప్యాడ్లు డిస్కుని ఇంకా చేరవు. గట్టిపడేదాకా కొట్టాలి. కొట్టకుండా బండెక్కి బయల్దేరేవాళ్ళకి ప్రహరీగోడ మిగతా పాఠం చెబుతుంది. గట్టిగా నొక్కి పట్టి, బోల్టు దగ్గర, నిపుల్ దగ్గర చెమ్మ లేదని పొడి గుడ్డతో చూసుకోవాలి. తర్వాత నడక వేగంతో, ఖాళీ చోట. ధైర్యం చాలకపోతే సిగ్గుపడకుండా మెకానిక్ కుర్రాడికి చూపించుకోవాలి. నేనూ చూపించాను. అతను వంగి చూశాడు. అది నాకు దక్కిన మొదటి సన్మానం.

మా బావమరిదిని మళ్ళీ వెనక సీటు చివర కూర్చోబెట్టి చక్రం తిప్పితే అది తిరుగుతూనే ఉంది. లివరు తాకితే నిలబడింది. వదిలితే మళ్ళీ తిరిగింది. పార్కింగులో నెమ్మదిగా నడిపి మాష్టారి కుర్చీకి దూరంగా ఆపాను. ఆగింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. బండి ఆగితే చప్పట్లు కొట్టే ఆచారం ఎక్కడా లేదు కదా.

మూడు వందల ఒకటాయన మాత్రం సాయంత్రం తలుపు తట్టాడు. పార్కింగు సంగతి తేల్చుకోవడానికి వచ్చాడేమో అనుకున్నాను. ఆయన బండి కూడా కొంతకాలంగా తోస్తే కదలట్లేదట. మెకానిక్ అసెంబ్లీ మార్చాలన్నాడట.

"వచ్చే ఆదివారం చూద్దాం" అన్నాను. "కిరసనాయిలు తేకండి. పసుపు పెయింటూ, సన్న బ్రష్షూ తెచ్చుకోండి. ముందు ఆ నాలుగుకి చెయ్యి గీసి పెడితే తర్వాత మీ బ్రేకు సంగతి."

"నాలుగేనా అది?" అన్నాడాయన.

"ఆగాలనుకుంటే నాలుగే" అన్నాను.